ఎయిర్ ఫ్రయర్‌లో బార్బెక్యూ చికెన్ ఎండిపోకుండా ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది నెల్లూరు, వేదాయపాళెం. ఇంట్లో ఎయిర్ ఫ్రయర్ కొన్నప్పటి నుంచి ఒంగోలు వదిన, కావలి పిన్ని, కృష్ణపట్నం పోర్టులో పనిచేస్తూ రూములో వండుకునే తమ్ముడు, మా కింది ఫ్లోర్ వాళ్ళు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఇవే. ప్రతిసారీ మొదట్నుంచి చెప్పే ఓపిక లేక రాసిపెట్టాను. ప్రశ్నలు చాలావరకు వాళ్ళ మాటల్లోనే ఉన్నాయి.

అన్నీ వేసినా ముక్క పీచులాగా అయిపోతోంది. మసాలా తక్కువైందా?

మసాలాకీ దీనికీ సంబంధం లేదు. పచ్చి కోడిమాంసంలో నాలుగింట మూడొంతులు నీళ్ళే ఉంటాయి. వేడి ఎక్కేకొద్దీ మాంసంలోని పోగులు ముడుచుకుని, తడిబట్ట పిండినట్టు ఆ నీళ్ళను బయటికి నెట్టేస్తాయి. ముక్క లోపల 65 డిగ్రీల దాకా పిండడం మెల్లగా ఉంటుంది. అక్కడి నుంచి గట్టిగా పిండుతుంది. 80 దాటిన బ్రెస్ట్ ముక్కలో ఇక పిండడానికి పెద్దగా ఏమీ మిగలదు.

కోడి పులుసు వండేటప్పుడు మనకు ఈ సంగతి తెలియదు. ముక్కలోంచి పోయిన నీళ్ళు గిన్నెలోనే ఉంటాయి, తినేటప్పుడు పులుసుతో కలిసి నోట్లోకి వస్తాయి. ఎయిర్ ఫ్రయర్‌లో ఆ నీళ్ళను ఫ్యాను క్షణాల్లో ఆరబెట్టేస్తుంది. మన చేతికేమో పులుసు లెక్కే అలవాటు. 'ఇంకో ఐదు నిమిషాలు ఉడకనీ, ఏం పోయింది' అంటాం. ఇక్కడ ఆ ఐదు నిమిషాలే కొంప ముంచుతాయి.

నేను మొదటిసారి చేసిన ఘనకార్యం చెప్తాను. అరకిలో బ్రెస్ట్ ముక్కలు, 200 డిగ్రీల మీద 25 నిమిషాలు. పైకి చూస్తే ఫోటో తీయాలనిపించేలా ఉన్నాయి. మా పెద్దోడు ఒక ముక్క నోట్లో వేసుకుని, నమిలి నమిలి, నీళ్ళు తాగి, 'అమ్మా, ఇది చికెనా కొబ్బరి పీచా?' అన్నాడు. ఆ రోజు మిగిలినవన్నీ చిన్నగా తుంచి పులావులో కలిపేశాను.

మరి ఎప్పుడు ఆపాలి?

టైము చూసి కాదు, ముక్క లోపలి వేడి చూసి ఆపాలి. చికెన్ ఏ భాగమైనా లోపల 74 డిగ్రీలు తగిలితే క్రిముల భయం లేదు. బ్రెస్ట్‌కి అదే ఆఖరు గీత. 72 దగ్గర బయటికి తీసి ఐదు నిమిషాలు మూతపెట్టి ఉంచితే లోపల మిగిలిన వేడికి మిగతా రెండు డిగ్రీలు ఎక్కుతాయి. ఎక్కాయో లేదో మళ్ళీ గుచ్చి చూసుకోండి, ఎక్కకపోతే ఇంకో నిమిషం పెట్టండి.

లెగ్ పీసు, తొడ ముక్క సంగతి వేరు. 74 దగ్గర తింటే ప్రమాదం ఏమీ లేదు గానీ, ముక్క రబ్బరులా సాగుతుంది. ఆ భాగాల్లో పట్టీల్లాంటి గట్టి పదార్థం ఎక్కువ. అది కరిగి జిగురుగా మారాలంటే 80 నుంచి 85 దాకా పోనివ్వాలి. ఆ జిగురే మనం జ్యూసీగా ఉందని మెచ్చుకునేది. అందుకే బ్రెస్ట్, లెగ్ ఒకే బుట్టలో ఒకేసారి వేసి రెండూ బాగా రావాలంటే కుదరదు. వేరువేరుగా వేయండి, లేదంటే బ్రెస్ట్ ముందుగా తీసేయండి.

దీనికి కావాల్సింది గుచ్చి చూసే డిజిటల్ థర్మామీటర్. ఆన్‌లైన్‌లో కొన్ని వందల్లో దొరుకుతుంది. జ్వరం చూసేది కాదు, వంటది. ముక్కలో అన్నిటికంటే మందంగా ఉన్నచోట, మధ్యకి చేరేట్టు పక్క నుంచి గుచ్చాలి. మొన ఎముకకు తగలకూడదు, తగిలితే అంకె తప్పు చూపిస్తుంది. ఒకసారి ఆరు లెగ్ పీసులు పెట్టాను. 20 నిమిషాలకి గుచ్చితే అంచున ఉన్నవి 83 చూపించాయి, మధ్యలో ఇరుక్కున్నది 68 దగ్గరే ఉంది. చూడ్డానికి ఆరూ ఒకే రంగు. థర్మామీటర్ లేకపోతే ఆ ఆరోది పచ్చిగానే ఎవరో ఒకరి కంచంలోకి వెళ్ళేది.

థర్మామీటర్ కొనేదాకా ఏం చేయాలి?

మందంగా ఉన్నచోట కత్తి దించి చూడండి. కారే నీళ్ళు తేటగా ఉండాలి, మాంసం గాజులా మెరవకూడదు. లెగ్ పీసు అయితే ఎముక పట్టుకుని తిప్పితే సులువుగా కదలాలి. ఇవి పూర్తిగా నమ్మదగ్గవి కావు. పిలకాయలకి, ముసలివాళ్ళకి పెట్టేటప్పుడు అనుమానమొస్తే ఇంకో రెండు మూడు నిమిషాలు పెట్టేయండి. కాస్త ఎండినా పర్లేదు, పచ్చిది పెట్టకూడదు.

షాపులో ఏ ముక్కలు అడగాలి?

మొదటిసారి చేసేవాళ్ళు లెగ్ పీసులు, లేదా ఎముకతో తొడ ముక్కలు తీసుకోండి. కొంచెం ఎక్కువసేపు ఉండిపోయినా క్షమిస్తాయి. బోన్‌లెస్ కావాలంటే తొడ బోన్‌లెస్ అని విడిగా చెప్పాలి. ఊరికే బోన్‌లెస్ అంటే మా దగ్గర చాలా షాపుల్లో బ్రెస్టే కోసిస్తారు.

రెండోది, స్కిన్. ఆదివారం పొద్దున్నే క్యూలో నిలబడితే షాపతను తలెత్తకుండా 'స్కినా, స్కిన్‌లెస్సా?' అని అడుగుతాడు. అలవాటుగా స్కిన్‌లెస్ అనేస్తాం. ఈ వంటకి మాత్రం స్కిన్‌తో అడగండి. లోపలి తడి ఆరిపోకుండా అది దుప్పటిలా కాపాడుతుంది, దాని కొవ్వు కరిగి ముక్కకే పడుతుంది, ధర కూడా తక్కువ. తినడం ఇష్టం లేకపోతే కంచంలో తీసేసుకోవచ్చు.

మూడోది, కూర ముక్కలు కొట్టించుకోవద్దు. చిన్న ముక్క పైన రంగు వచ్చేలోపే లోపల ఎండిపోతుంది. లెగ్ పీసుకి రెండు మూడు గాట్లు చాలు, అవి కూడా ఇంట్లో పెట్టుకోండి. షాపులో ఎముకదాకా నరికేస్తారు.

నాటు కోడితో చేయొచ్చా?

వద్దు. బ్రాయిలర్ కోడి ఆరు వారాల పిల్ల, దాని మాంసం లేత. నెలల తరబడి తిరిగిన నాటు కోడి కండ మెత్తబడాలంటే నీళ్ళలో గంటసేపు ఉడకాలి. దాన్ని పులుసు పెట్టుకుని సంగటితో తినండి, దానికి అంతకు మించిన మర్యాద లేదు.

కడగాలా వద్దా? అమ్మ ఒప్పుకోవడం లేదు.

మా అమ్మా ఒప్పుకోదు. పసుపు, ఉప్పు వేసి మూడు నీళ్ళు పోయందే ఆమెకి చికెన్ కిందే లెక్క కాదు. క్రిములు కడిగితే పోవు, వేడికే చస్తాయి. పైగా కుళాయి కింద పెట్టి కడిగితే ఆ చిందులు పక్కనున్న గిన్నెల మీదా కొత్తిమీర మీదా పడతాయి. కడగకుండా ఉండలేకపోతే గిన్నెలో నీళ్ళు పోసి నెమ్మదిగా కడిగి, తర్వాత సింకు సబ్బుతో తోమేయండి.

కడిగినా కడగకపోయినా, తడి తుడవడం మాత్రం మానొద్దు. టిష్యూ పేపరుతో ప్రతి ముక్కనీ అద్ది ఆరబెట్టండి. తడి ఉన్నంతసేపు మెషిన్ వేడి ఆ నీళ్ళను ఆవిరి చేయడానికే సరిపోతుంది. ముక్కకి రంగు రాదు. రంగు వచ్చేదాకా ఆగితే లోపల ఎండిపోతుంది.

ఉప్పు ఎప్పుడు వేయాలి? ఎంత?

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. మసాలా తర్వాత సంగతి, ముందు ఉప్పు ఒక్కటే పట్టించండి. కిలో చికెన్‌కి 12 గ్రాములు. మెత్తటి ఉప్పయితే తలకొట్టిన టీస్పూనుతో రెండు. కల్లు ఉప్పు అదే స్పూనుతో కొలిస్తే తక్కువ పడుతుంది, గళ్ళ మధ్య ఖాళీ ఉంటుంది గదా. మా ఇంట్లో ఇసకపల్లి వైపు నుంచి తెచ్చిన కల్లు ఉప్పు వాడతాం. రోట్లో నూరి, చిన్న త్రాసులో తూచి వేస్తాను. బంగారం తూచినట్టు ఏంటిదని మా వారి వెటకారం. తినేటప్పుడు మాత్రం నోరెత్తరు.

ఉప్పు పట్టించిన పావుగంటకి ముక్క మీద నీళ్ళు ఊరతాయి. అయ్యో, ఉన్న తడి పోతోందని కంగారు పడొద్దు. ఇంకాసేపటికి ఆ ఉప్పునీళ్ళనే ముక్క మళ్ళీ పీల్చుకుంటుంది. లోపలికి చేరిన ఉప్పు పోగులను కొంచెం వదులు చేస్తుంది. అప్పుడు వేడి తగిలినా అవి అంత గట్టిగా పిండలేవు. కనీసం గంట, వీలైతే ముందురోజు రాత్రే పట్టించి ఫ్రిజ్‌లో పెట్టండి. మూత పెట్టకుండా కింది అరలో పెడితే స్కిన్ కూడా ఆరి కరకరలాడుతుంది.

బ్రెస్ట్ అయితే నేను ఉప్పునీళ్ళలో వేస్తాను. లీటరు నీళ్ళకి 50 గ్రాముల ఉప్పు, గంట నుంచి రెండు గంటలు, ఫ్రిజ్‌లోనే. తీసి తుడిచి, మళ్ళీ ఉప్పు వేయకుండా మసాలా పట్టించాలి. రాత్రంతా ఉంచితే మాత్రం ఊరగాయ ముక్కలా అవుతుంది.

పెరుగు, నిమ్మకాయ, బొప్పాయి కాయ... ఏది మంచిది?

పెరుగు మంచిది. దాని పులుపు నెమ్మదిగా పనిచేస్తుంది, రాత్రంతా ఉంచినా ముక్క చెడదు. కానీ బార్బెక్యూ రుచికి పెరుగు అడ్డం, తందూరీ వైపు లాగేస్తుంది. వేసుకుంటే కిలోకి రెండు పెద్ద చెంచాల గడ్డపెరుగు, అంతే.

నిమ్మకాయ దగ్గర మనవాళ్ళ చెయ్యి ఆగదు. పొదలకూరు నుంచి ఎవరో ఒకరు సంచెడు తెచ్చి ఇస్తారు, ఉన్నాయి గదా అని నాలుగు పిండేస్తాం. ఎక్కువ పులుపులో ఎక్కువసేపు నానితే ముక్క పైభాగం సున్నంలా తెల్లబడి, లోపల పొడిపొడిగా రాలుతుంది. కిలోకి అరచెక్క, అరగంట చాలు. మిగతాది వడ్డించేటప్పుడు పిండుకోండి. పచ్చి బొప్పాయి ముదిరిన పొట్టేలు మాంసానికి. ఆరు వారాల కోడికి దాంతో పనిలేదు, పిండిపిండి అయిపోతుంది.

నా మసాలా చిన్నదే. కిలోకి కాశ్మీరీ కారం రెండు టీస్పూన్లు, మిరియాల పొడి ఒకటి, వేయించిన జీలకర్ర పొడి ఒకటి, నూరిన తెల్లగడ్డ ఒక పెద్ద చెంచా, వేరుశనగ నూనె ఒక పెద్ద చెంచా. నూనె లేకుండా చేయొచ్చని కొన్నప్పుడు చెప్పారు గదా అంటారు. చేయొచ్చు, మసాలా పొడి కాలి చేదెక్కుతుంది. ఆ ఒక్క చెంచాకి ఎవరూ లావెక్కరు.

బార్బెక్యూ సాస్ కొనాలా? ఇంట్లో అవుతుందా?

అవుతుంది, బాగుంటుంది కూడా. ముందు ఒక మాట. అసలు బార్బెక్యూ అంటే ఈ సాస్ కాదు. కరీబియన్ దీవుల్లో కర్రల మంచె కట్టి, కింద మంట పెట్టి మాంసం కాల్చేవాళ్ళు. ఆ దీవుల మాట బార్బకోవా నుంచే ఈ పేరు వచ్చింది. అమెరికా దక్షిణాదిలో అది కట్టెపొగ మీద 110, 120 డిగ్రీల దగ్గర గంటల తరబడి కాల్చే వంటగా స్థిరపడింది. ఎయిర్ ఫ్రయర్‌లో జరిగేది దానికి పూర్తిగా తలకిందులు. పైన కాయిల్, దాని వెనక ఫ్యాను, ఎక్కువ వేడి, తక్కువ సమయం. 2010లో ఫిలిప్స్ తెచ్చిన ఎయిర్ ఫ్రయర్ నుంచి ఇప్పటి మెషిన్ల దాకా లోపలి పద్ధతి అదే. కాబట్టి మనం చేసేది బార్బెక్యూ రుచి ఉన్న చికెన్. ఆ సంగతి ఒప్పుకుంటే సగం టెన్షన్ పోతుంది.

మనకు షాపుల్లో దొరికే తియ్యటి, చిక్కటి సాస్ అమెరికాలోని కాన్సస్ సిటీ వాళ్ళ పద్ధతి. టమాటా, చెరకు మడ్డి, వెనిగర్ దానికి ఆధారం. చెరకు మడ్డి స్థానంలో మన నల్లబెల్లం చక్కగా కుదురుతుంది. వాళ్ళు అందులో వేసే వూస్టర్‌షైర్ సాస్‌లో చింతపండు ఉంటుంది. చేపల పులుసు ఊరివాళ్ళం, చింతపండు మనకి ఎవరు నేర్పాలి? అందుకే నేను సీసా కొనకుండా చిక్కటి చింతపండు గుజ్జే వేస్తాను.

కిలో చికెన్‌కి కొలత ఇది: ఒక చిన్న ఉల్లిపాయ తురిమి, నాలుగు తెల్లగడ్డ రెబ్బలు నూరి, చెంచా వెన్నలో పచ్చివాసన పోయేదాకా వేయించండి. టమాటా కెచప్ 200 గ్రాములు, తరిగిన బెల్లం మూడు పెద్ద చెంచాలు, చింతపండు గుజ్జు రెండు చెంచాలు, సోయా సాస్ ఒక టీస్పూను, కారం ఒకటి, మిరియాల పొడి అర, పావు గ్లాసు నీళ్ళు వేసి సన్నమంట మీద పది పన్నెండు నిమిషాలు ఉంచండి. గరిట వెనక వేలితో గీత గీస్తే ఆ గీత నిలవాలి, పక్కల నుంచి సాస్ వచ్చి కలవకూడదు. ఉప్పు వేయొద్దు, కెచప్‌లోనూ సోయాలోనూ ఉన్నది చాలు.

దించాక సగం సాస్ వేరే గిన్నెలోకి తీసి పక్కన పెట్టండి, అది నంజుకోవడానికి. బ్రష్ ముంచే గిన్నె వేరు, నంజుకునే గిన్నె వేరు. సగం ఉడికిన ముక్కకి తగిలిన బ్రష్ మళ్ళీ మళ్ళీ ముంచిన సాస్‌ని మరిగించకుండా తినకూడదు.

సాస్ ఎప్పుడు పూయాలి?

ఆఖరి ఐదు నిమిషాల్లో. కెచప్‌లోనూ బెల్లంలోనూ చక్కెరే గదా, 190 డిగ్రీల గాలి కింద అది నిమిషాల్లో మాడిపోతుంది. ఇది నేను కనుమ రోజు నేర్చుకున్నాను. ఒంగోలు నుంచి వదినా వాళ్ళు, మామయ్య వచ్చారు. గొప్పకి పోయి ముక్కలన్నీ మొదట్నుంచే సాస్‌లో ముంచి పెట్టేశాను. పదిహేను నిమిషాలకి ఇంట్లో మాడు వాసన, తీసి చూస్తే బొగ్గు. మామయ్య ఏమీ అనలేదు. నల్లటి పైపొర గోటితో ఒలుచుకుని, లోపలిది తిని, 'ముక్క ఉడికిందమ్మా' అన్నారు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఇప్పుడు చేసేది ఇలా. ముక్క లోపల 70 చూపించగానే బయటికి లాగి, సాస్ పలచగా ఒక పూత, 180 మీద రెండు నిమిషాలు. తిరగేసి ఇంకో పూత, ఇంకో రెండు మూడు నిమిషాలు. బ్రెస్ట్‌కి 66 దగ్గరే మొదలుపెట్టాలి. మందంగా ఒకేసారి పూస్తే జారి ట్రేలో పడి, అక్కడ అంటుకుని, రేపు తోమేవాళ్ళ ప్రాణం తీస్తుంది.

వీడియోలో చెప్పిన టైముకి మా ఇంట్లో ఎందుకు కావడం లేదు?

చాలా కారణాలుంటాయి. మెషిన్ సైజు, ముక్క మందం, ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పెట్టారా అన్నవి అందరికీ తెలిసినవే. ఎవరూ చెప్పని కారణం వోల్టేజి. మేలో సాయంత్రం ఏడింటికి వీధిలో అన్ని ఏసీలూ ఆన్ అవుతాయి. మా ఇంట్లో స్టెబిలైజర్ మీద అంకె 200కి దిగుతుంది. 230 వోల్టుల దగ్గర 1500 వాట్లు లాగే కాయిల్ 200 దగ్గర దాదాపు 1130 వాట్లే లాగుతుంది. అంటే నాలుగోవంతు బలం పోయినట్టు. డబ్బా వేడెక్కడమే ఆలస్యమవుతుంది. పొద్దున పదకొండింటికి 20 నిమిషాల్లో అయిన లెగ్ పీసు, రాత్రి 25 తీసుకోవచ్చు. టైమును నమ్మొద్దని నేను అంత గట్టిగా చెప్పేది అందుకే.

అయినా ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి గనక నా అంచనాలు ఇస్తున్నాను. నాలుగు నిమిషాలు ఖాళీగా వేడిచేశాక, సాస్ పూసే సమయంతో కలిపి: లెగ్ పీసులు 190 మీద 20 నుంచి 25 నిమిషాలు. ఎముకతో తొడ 22 నుంచి 26. తొడ బోన్‌లెస్ 14 నుంచి 16. వింగ్స్ 200 మీద 20. బ్రెస్ట్ 180 మీద 15 నుంచి 18, అది కూడా మందంగా ఉన్నవైపు చపాతీ కర్రతో కొట్టి సమంగా చేశాక. చెప్పినదానికి ఐదు నిమిషాల ముందే మొదటిసారి గుచ్చి చూడండి.

ఒకేసారి ఎన్ని పెట్టొచ్చు?

ముక్కకీ ముక్కకీ మధ్య వేలు పట్టాలి. నాలుగు లీటర్ల బుట్టలో ఐదారు లెగ్ పీసులు, అంతకు మించి వద్దు. ఒకదాని మీద ఒకటి పేరిస్తే గాలి తిరగదు, ముక్కలు కాలవు, ఇడ్లీల్లాగా ఆవిరికి ఉడుకుతాయి. సగంలో ఒకసారి తిప్పండి. పట్టకారుతో తిప్పండి, ఫోర్కుతో పొడవొద్దు.

పొగ వాసన ఎలా తేవాలి?

బొగ్గుతో. కొబ్బరి చిప్ప బొగ్గు ముక్క ఒకటి గ్యాస్ మీద ఎర్రగా కాల్చండి. ఉడికిన ముక్కలన్నీ వెడల్పాటి గిన్నెలో పెట్టి, మధ్యలో చిన్న స్టీల్ గిన్నె ఉంచి, అందులో ఆ నిప్పు వేసి, నాలుగు చుక్కల నెయ్యి వదలండి. గుప్పున పొగ లేస్తుంది. వెంటనే మూతపెట్టి మూడు నిమిషాలు. ఐదు దాటితే చేదు వస్తుంది. కిటికీ తెరిచి ఉంచండి. నిప్పును ఎయిర్ ఫ్రయర్ లోపల మాత్రం పెట్టొద్దు. మా తమ్ముడు అడిగాడు గనక రాస్తున్నాను. ఫ్యాను గాలికి నిప్పురవ్వలు లేస్తాయి, ఇల్లు తగలబడుతుంది.

మెషిన్‌లోంచి తెల్లటి పొగ వస్తోంది. పాడైందా?

స్కిన్‌లోని కొవ్వు కరిగి కింది ట్రేలో పడి కాగితే వచ్చే పొగ అది. ఆపి ట్రేలో నూనె పారబోసి మళ్ళీ పెట్టండి. బ్రెడ్డు ముక్క ఒకటి బుట్ట కింద వేస్తే కారే కొవ్వును పీల్చుకుంటుంది. నల్లపొగ, ప్లాస్టిక్ కాలిన వాసన వస్తే మాత్రం వెంటనే ప్లగ్ పీకేయండి.

బటర్ పేపర్ వేసేవాళ్ళకో మాట. ఖాళీ మెషిన్ వేడిచేసేటప్పుడు పేపర్ వేసి ఉంచొద్దు. బరువు లేకపోతే ఎగిరి కాయిల్‌కి తగిలి అంటుకుంటుంది.

ఎముక దగ్గర ఎర్రగా ఉంది. పచ్చిదా?

థర్మామీటర్ 74 దాటి చూపిస్తే పచ్చిది కాదు. లేత కోడి ఎముకలు ఇంకా గట్టిపడి ఉండవు. లోపలి మూలుగు రంగు వేడికి బయటికి ఊరి పక్క మాంసానికి అంటుతుంది. ఫ్రీజర్‌లో పెట్టి తీసిన చికెన్‌లో ఇంకా ఎక్కువ కనపడుతుంది. మా కింది ఫ్లోర్ ఆవిడ ఈ ఎరుపు చూసి లెగ్ పీసులను 40 నిమిషాలు కాల్చారట. ఎరుపు పోలేదు, ముక్క పోయింది.

కరెంటు బిల్లు పేలిపోతుందా? కరెంటు పోతే?

1500 వాట్ల మెషిన్ 25 నిమిషాలు ఆగకుండా లాగినా 0.6 యూనిట్ చిల్లర. వేడెక్కాక కాయిల్ మధ్యమధ్యలో ఆగుతుంది గనక అంత కూడా కాదు. భయపడాల్సింది బిల్లుకి కాదు, ఎక్స్‌టెన్షన్ బాక్సుకి. ఆరేడు ఆంపియర్లు అరగంట ఏకధాటిగా లాగితే సన్న వైరు కాలుతుంది. ఫ్రిజ్, గీజర్ పెట్టే పెద్ద సాకెట్‌కే పెట్టండి. ఇళ్ళల్లో ఉండే మామూలు ఇన్వర్టర్ దీన్ని మోయలేదు.

మధ్యలో కరెంటు పోతే బుట్ట లాగి చూడకుండా అలాగే మూసి ఉంచండి. పది పదిహేను నిమిషాల్లో వస్తే కొనసాగించండి. అప్పటికీ రాకపోతే ముక్కలు తీసి గ్యాస్ మీద పెనంలో మూతపెట్టి పూర్తిచేయండి. సగం ఉడికినవాటిని 'రేపు చేద్దాంలే' అని ఫ్రిజ్‌లో పెట్టొద్దు.

ఎండాకాలంలో జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

ఉన్నాయి, ఇక్కడ నేను కొంచెం గట్టిగానే చెప్తాను. 5 నుంచి 60 డిగ్రీల మధ్య క్రిములు పెరుగుతాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండకి మన వంటిల్లు వాటికి పుట్టిల్లు. మసాలా పట్టించి బల్ల మీద పెట్టి మార్కెట్‌కి వెళ్ళొచ్చే అలవాటు మానాలి, నానేది ఫ్రిజ్‌లోనే నానాలి. షాపు నుంచి తెచ్చేటప్పుడు కూడా పది పనులు ముగించుకుని ఆఖర్న చికెన్ తీసుకోండి. వండాక కూడా, మామూలు రోజుల్లో రెండు గంటలు బయట ఉండొచ్చు, 32 దాటే ఎండల్లో గంటే. తర్వాత ఫ్రిజ్‌లోకి. అక్కడ మూడు రోజులు బాగుంటుంది.

దీన్ని రొయ్యలకి వాడొచ్చా?

ఆక్వా చెరువుల జిల్లాలో ఉండి ఈ ప్రశ్న రాకపోతే ఆశ్చర్యం. వాడొచ్చు. పెద్ద వనామీ రొయ్యలు, నల్లదారం తీసి, 200 మీద ఆరేడు నిమిషాలు. సాస్ ఆఖరి రెండు నిమిషాల్లో. అరచుట్టు తిరిగితే అయినట్టు, ఉంగరంలా చుట్టుకుంటే ఎక్కువైనట్టు.

దేంతో తినాలి? మిగిలితే ఏం చేయాలి?

సంగటితో, వేడన్నంతో ప్రయత్నించాను. కుదరలేదు. కలుపుకోవడానికి పులుసు లేని కూర మన అన్నానికి చుట్టం కాదు. ఉర్లగడ్డ ముక్కలు అదే మెషిన్‌లో వేయించి, క్యాబేజీ సన్నగా తరిగి పెరుగు మిరియాలతో కలిపి పక్కన పెడితే పిలకాయలు చక్కగా తింటారు.

మిగిలినది మైక్రోవేవ్‌లో పెడితే ఉన్న తడీ పోతుంది. కొంచెం నీళ్ళు చిలకరించి, ఫాయిల్ చుట్టి, అదే మెషిన్‌లో 160 మీద ఐదు నిమిషాలు, లోపలిదాకా పొగలు వచ్చేట్టు వేడిచేయండి. నాకు అంతకంటే ఇష్టమైనది పొద్దున దోసె. ఎర్రకారం పూసిన దోసె మీద, చల్లారిన ముక్కని చేత్తో చీలికలు చేసి చల్లి, అంచున నెయ్యి వదిలి మూతపెట్టాలి. మా ఇంట్లో ఇప్పుడు ఆ దోసె కోసమే రెండు లెగ్ పీసులు ఎక్కువ చేయమంటున్నారు.

పండక్కి ఇరవై మందికి చేయొచ్చా?

నాలుగు లీటర్ల బుట్టలో ఆరేసి ముక్కల చొప్పున మనిషికి రెండంటే ఏడు వాయిలు, వాయికి అరగంట. మొదటి వాయి తిన్నవాళ్ళకి మళ్ళీ ఆకలేస్తుంది, ఆఖరి వాయి వాళ్ళు అలుగుతారు. ఉప్పు పట్టించి ముందే సిద్ధం చేసుకుని, పిలకాయల వరకు రెండు వాయిలు తీయండి. పెద్దవాళ్ళకి కోడి పులుసు పెట్టేయండి. వదిన ఈసారి కనుమకి ఏం చేస్తున్నావని అడిగితే నేనూ అదే చెప్పాను. మామయ్యకి మాత్రం ఒక లెగ్ పీసు విడిగా తీసి ఉంచుతాను, బాకీ ఉంది.